ఇంట్లో స్మార్ట్ పరికరాలన్నీ ఒకే కంపెనీవి కొనాలా?

మీరు అడిగింది ఒకటే ప్రశ్నలా కనిపిస్తోంది గానీ అందులో మూడున్నాయి. ఇంట్లో రెండు ఆండ్రాయిడ్ ఫోన్లు, ఒక ఐఫోన్, ఒక విండోస్ ల్యాప్‌టాప్, ఒక స్మార్ట్ టీవీ ఉన్నాయన్నారు. ఇప్పుడు బల్బులు, కెమెరా, తలుపు తాళం, స్పీకర్ కొనాలనుకుంటున్నారు. అమ్మేవాళ్లేమో అన్నీ ఒకే కంపెనీవి తీసుకుంటే తలనొప్పి ఉండదంటున్నారు. అది నిజమేనా అన్నది మొదటిది. ఆ కంపెనీ రేపు చేతులెత్తేస్తే డబ్బంతా గంగలో పోసినట్టేనా అన్నది రెండోది. ఏదైనా పనిచేయకపోతే ఎవరిని పట్టుకోవాలన్నది మూడోది. చాలాకాలం ఇలాంటి పరికరాల కస్టమర్ సపోర్ట్‌లో పనిచేశాను, ఫోన్ ఎత్తే ఉద్యోగం నుంచి ఇంజినీర్లకి కేసులు పంపే ఉద్యోగం దాకా. అందుకే కాస్త పొడుగ్గానే రాస్తున్నాను, ఓపిక చేసుకుని చదవండి.

ఒకే కంపెనీవా, నాలుగు కంపెనీలవా అన్నది అంత పెద్ద విషయం కాదు. నేనైతే ప్రతి వస్తువు దగ్గరా ఒకటే అడుగుతాను: ఇంటర్నెట్ లేని రోజు, లేదా ఆ కంపెనీ సర్వర్ ఆగిపోయిన రోజు, ఇది ఎంతవరకు పనిచేస్తుంది? దానికి జవాబు దొరికితే మీ మొదటి రెండు ప్రశ్నలూ చాలావరకు తేలిపోతాయి.

ఒక వై-ఫై బల్బునే తీసుకోండి. ఫోన్‌లో బటన్ నొక్కగానే వెలుగుతుంది కాబట్టి ఫోనూ బల్బూ నేరుగా మాట్లాడుకుంటున్నాయని అనుకుంటాం. చౌకరకం బల్బుల్లో చాలావాటి సంగతి వేరు. మీరు నొక్కిన సంకేతం రౌటర్ దాటి, ఎక్కడో ఉన్న కంపెనీ సర్వర్‌కి వెళ్తుంది. అక్కడ మీ అకౌంట్ సరిచూసుకుని, ఆదేశం తిరిగి మీ ఇంటికే వచ్చి, మూడడుగుల దూరంలో ఉన్న బల్బుని వెలిగిస్తుంది. అన్నీ బాగున్నప్పుడు ఇదంతా సెకను లోపే అయిపోతుంది కాబట్టి మనకి తెలియదు. తేడా తెలిసేది ఆ దారి తెగినప్పుడే.

2025 అక్టోబరు 20న అమెజాన్ క్లౌడ్ సేవల్లో పెద్ద అంతరాయం వచ్చింది. వర్జీనియాలోని ఒక్క ప్రాంతపు డేటా సెంటర్లలో మొదలైన గొడవ అది. దాంతో చాలా ఇళ్లలో రింగ్ కెమెరాలు, అలెక్సా స్పీకర్లు మొరాయించాయి. ఎయిట్ స్లీప్ అనే కంపెనీ అమ్మే చల్లబరిచే, వేడిచేసే పరుపులు కూడా యాప్ మాట వినడం మానేశాయి. పరుపుకి సర్వర్ ఎందుకని నవ్వుకున్నవాళ్లు చాలామందే. ఆ తర్వాత కంపెనీ బ్లూటూత్ ద్వారా నేరుగా నడిపే ఏర్పాటు తెచ్చింది. ఆ ఏర్పాటు మొదటి రోజు నుంచే ఉండాల్సింది.

అంతరాయమంటే ఒక పూట బాధ. కంపెనీయే సేవ ఆపేస్తే శాశ్వతం. "పెద్ద కంపెనీదైతే భయం లేదు" అనే మాట మీకూ ఎవరో చెప్పే ఉంటారు. రివాల్వ్ అనే హబ్‌ని, అంటే ఇంట్లో స్మార్ట్ వస్తువులన్నిటినీ కలిపి నడిపే పెట్టెని, 2014లో స్మార్ట్ ఇంటి పరికరాలు చేసే నెస్ట్ కొనేసింది. అప్పటికే నెస్ట్ గూగుల్ చేతిలో ఉంది. జీవితకాలం సేవ ఉచితమని చెప్పి అమ్మిన ఆ హబ్‌ని 2016 మే 15న సర్వర్ ఆపేసి మూలన పడేశారు. హార్డ్‌వేర్‌లో ఏ లోపమూ లేదు. స్పాటిఫై కారులో పెట్టుకునే చిన్న పరికరాన్ని 2022 ఫిబ్రవరిలో అమెరికాలో అందరికీ అమ్మకానికి పెట్టి, అదే ఏడాది జూలైలో తయారీ ఆపేసి, 2024 డిసెంబరు 9న పూర్తిగా పనిచేయకుండా చేసింది. ఆరోగ్యం లెక్కలు చూడటానికి చేతికి పెట్టుకునే అమెజాన్ హేలో బ్యాండ్‌ల కథ 2023 జూలై 31తో ముగిసింది. కాకపోతే పెద్ద కంపెనీలకి పరువు భయం ఉంటుంది. హేలోని చివరి ఏడాదిలో కొన్నవాళ్లకి, కారు పరికరం కొన్నట్టు రుజువు చూపినవాళ్లకి డబ్బు వాపసు ఇచ్చారు. చిన్న కంపెనీ మూతపడితే అడగడానికి మనిషి కూడా దొరకడు.

దానికి స్మార్ట్ స్విచ్చులు, లైట్లు అమ్మిన ఇన్‌స్టియాన్ మంచి ఉదాహరణ. 2022 ఏప్రిల్‌లో ఒకరోజు ఉన్నట్టుండి దాని సర్వర్లు ఆగిపోయాయి. ముందస్తు నోటీసు లేదు, ఈమెయిల్ లేదు. అయినా ఆ ఇళ్లలో గోడ మీది స్విచ్చులు, వాటితో నేరుగా జతచేసిన లైట్లు మామూలుగానే పనిచేస్తూ వచ్చాయి. ఆ స్విచ్చులూ లైట్లూ ఇంట్లోనే ఒకదానితో ఒకటి మాట్లాడుకునేలా తయారైనవి కాబట్టి. పోయిందల్లా యాప్, బయట నుంచి నడిపే సదుపాయం. కొన్నాళ్లకి వినియోగదారులే కొందరు కలిసి ఆ కంపెనీని కొని సర్వర్లు మళ్లీ నడిపించారు. గది వేడిని సర్దే నెస్ట్ మొదటి, రెండో తరం థర్మోస్టాట్‌లకి 2025 అక్టోబరు 25న మద్దతు ఆగిపోయినప్పుడూ ఇలాగే అయింది. యాప్‌లోంచి మాయమయ్యాయి, గోడ మీద చేత్తో తిప్పితే మాత్రం పనిచేస్తున్నాయి. బెల్కిన్ కంపెనీ తన వీమో స్మార్ట్ పరికరాల సర్వర్ మద్దతుకి 2026 జనవరి 31ని గడువుగా పెట్టింది. అందులోనూ ముందే హోమ్‌కిట్‌కి, అంటే స్మార్ట్ వస్తువులు నడపడానికి యాపిల్ పెట్టిన ఏర్పాటుకి, జతచేసుకున్న ఇళ్లలో, ఆ దారిన నడిచే మోడళ్లకి ఇబ్బంది ఉండదని చెప్పింది. ఇంట్లోనే తిరిగే దారి ఒకటి ఉన్న వస్తువు, కంపెనీ పోయినా ఎంతో కొంత మిగులుతుంది. మిగతాదంతా ప్లాస్టిక్కే.

ఇక "ఒకే కంపెనీ" సంగతి. 2019 డిసెంబరులో అమెజాన్, యాపిల్, గూగుల్, అప్పట్లో జిగ్‌బీ అలయన్స్ అనే పేరున్న పరికరాల కంపెనీల కూటమి కలిసి ఒక ఉమ్మడి ప్రమాణం తయారు చేస్తామని ప్రకటించాయి. అదే 2022 అక్టోబరులో మ్యాటర్ అనే పేరుతో వచ్చింది. పెట్టె మీద మ్యాటర్ గుర్తున్న బల్బుని యాపిల్ హోమ్‌లోనూ, గూగుల్ హోమ్‌లోనూ, అలెక్సాలోనూ, శాంసంగ్ స్మార్ట్‌థింగ్స్‌లోనూ పెట్టుకోవచ్చు. ఒక్కసారే రెండు మూడింటిలో పెట్టుకోవడం కూడా కుదురుతుంది. మీ ఇంట్లో ఆండ్రాయిడ్ వాళ్లూ ఐఫోన్ వాళ్లూ ఉన్నారు కాబట్టి మీకు అసలు లాభం ఇక్కడుంది. పైగా మ్యాటర్ ఆదేశాలు ఇంటి నెట్‌వర్క్ లోపలే తిరుగుతాయి. ఇంటర్నెట్ పోయినా బల్బు యాప్ మాట వింటుంది.

మ్యాటర్‌తో అన్నీ తీరిపోతాయని మాత్రం అనుకోకండి. అది కనీస ఉమ్మడి భాష మాత్రమే. వెలిగించు, ఆర్పు, వెలుగు తగ్గించు, రంగు మార్చు వరకు బాగా నడుస్తుంది. కంపెనీ గొప్పగా చెప్పుకునే ప్రత్యేక సదుపాయాలు మాత్రం ఆ కంపెనీ యాప్‌లోనే ఉండిపోతాయి. కెమెరాలు 2025 నవంబరులో వచ్చిన మ్యాటర్ 1.5 వెర్షన్‌లో గానీ చేరలేదు కాబట్టి వాటి విషయంలో ఇప్పుడే ఆశలు పెట్టుకోకండి. మరో చిక్కు, కొన్ని మ్యాటర్ వస్తువులు వై-ఫై మీద కాకుండా థ్రెడ్ అనే తక్కువ కరెంటు వాడే రేడియో మీద నడుస్తాయి. వాటికి ఇంట్లో ఆ రేడియోని ఇంటి నెట్‌వర్క్‌కి కలిపే థ్రెడ్ బోర్డర్ రౌటర్ ఉండాలి. దాని కోసం విడిగా పెట్టె కొనాలని లేదు, కొన్ని స్మార్ట్ స్పీకర్లలో, టీవీ బాక్సుల్లో, ఇల్లంతా వై-ఫై అందేలా రెండు మూడు చోట్ల పెట్టే మెష్ రౌటర్లలో అది ముందే ఉంటుంది. మీరు స్పీకర్ ఎలాగూ కొంటున్నారు కాబట్టి ఆ సదుపాయం ఉన్న మోడల్ తీసుకోండి, తర్వాత పనికొస్తుంది.

చిన్న విషయమే గానీ నాకు వచ్చిన కాల్స్‌లో ఎన్నిసార్లు ఎదురైందో చెప్పలేను: వస్తువుతో పాటు వచ్చే సెటప్ కోడ్. మ్యాటర్‌కైతే 11 అంకెల కోడ్, పక్కనే చదరపు క్యూఆర్ గుర్తు ఉంటాయి. బల్బుకి అది బల్బు ఒంటి మీదే ముద్రించి ఉంటుంది. పైకప్పుకి బిగించేశాక, రెండేళ్ల తర్వాత ఫోన్ మార్చినప్పుడు, నిచ్చెనెక్కి చదవాల్సి వస్తుంది. బిగించే ముందే ఫోటో తీసి పెట్టుకోండి. అట్టపెట్టె పారేసినా పర్లేదు, ఆ కోడ్ మాత్రం పోగొట్టుకోకండి.

వస్తువుల వారీగా నా అభిప్రాయం చెప్తాను. ఇంట్లో అందరూ గోడ స్విచ్చే నొక్కుతారు కాబట్టి స్మార్ట్ బల్బు కంటే స్మార్ట్ స్విచ్ నయం. ఎవరో ఒకరు స్విచ్ కట్టేస్తే బల్బుకి కరెంటే అందదు, ఇక దాని తెలివితేటలు ఎందుకూ పనికిరావు. రంగులు కావాలంటేనే బల్బు. స్పీకర్ మీ ఇష్టం. మీ ఇంట్లో ఎక్కువమంది ఏ ఫోన్ వాడుతున్నారో ఆ వైపుది తీసుకుంటే సర్దుకుపోతుంది.

తాళం దగ్గర మాత్రం నేను రాజీపడను. మామూలు తాళంచెవితో తీసే రంధ్రం ఉన్నదే కొనండి. బ్యాటరీ, యాప్, సర్వర్, వేలిముద్ర అన్నీ ఒక్కసారే మొరాయించే రోజు రాదని ఎవరూ హామీ ఇవ్వలేరు. కెమెరాకి మెమరీ కార్డ్ పెట్టుకునే చోటుండాలి, చందా కట్టకపోయినా రికార్డింగ్ చూసుకోగలగాలి. చాలా కంపెనీలు కెమెరాని చౌకగా అమ్మి, పాత వీడియో చూడటానికి నెలనెలా వసూలు చేస్తాయి. అందులో తప్పులేదు, క్లౌడ్‌లో దాచడానికి వాళ్లకీ ఖర్చవుతుంది. కానీ చందా ఆపేస్తే ఏం మిగులుతుందో కొనే ముందే తెలుసుకోవాలి. ఆ వివరం పెట్టె మీద ఉండదు, కంపెనీ వెబ్‌సైట్‌లో ప్లాన్‌లు పోల్చే పేజీలో "ఉచితం" అన్న వరుసలో ఉంటుంది.

టీవీని తెర నాణ్యత చూసి కొనండి, యాప్‌లు చూసి కాదు. తెర పదేళ్లు బాగానే ఉంటుంది, లోపలి ప్రాసెసర్ అంతకాలం యాప్‌లని మోయలేదు. 2019 డిసెంబరులో నెట్‌ఫ్లిక్స్ కొన్ని పాత శాంసంగ్ టీవీల్లో, టీవీకి తగిలించే పాత రోకు పరికరాల్లో ఆగిపోయింది. అలాంటప్పుడు చిన్న స్ట్రీమింగ్ స్టిక్ పెట్టుకుంటే చాలు, టీవీ మార్చక్కర్లేదు. అన్నట్టు, స్మార్ట్ టీవీల్లో మీరు చూస్తున్నదేంటో గుర్తుపట్టి కంపెనీకి చెప్పే సెట్టింగ్ ఒకటి ఉంటుంది. చెప్పకుండా ఆ పని చేసినందుకే 2017లో అమెరికాలో విజియో కంపెనీ 22 లక్షల డాలర్లు కట్టాల్సి వచ్చింది. ప్రైవసీ మెనూలో వెతికి ఆపేయండి.

ఫోన్లు కలగలుపుగా ఉన్నందుకు మీరు పడే ఇబ్బంది ఒకప్పటి కంటే తగ్గింది. 2024 సెప్టెంబరులో వచ్చిన ఐఓఎస్ 18తో ఐఫోన్‌కీ ఆర్‌సీఎస్ మెసేజ్‌లు, అంటే ఎస్సెమ్మెస్‌కి బదులుగా వచ్చిన కొత్త పద్ధతి, వచ్చాయి కాబట్టి, నెట్‌వర్క్ కంపెనీ మద్దతుంటే రెండు వైపులా ఫోటోలు మసకబారకుండా పంపుకోవచ్చు. ఎవరైనా మీ సంచిలో తెలియకుండా ట్రాకర్ వేస్తే హెచ్చరించే సదుపాయం 2024 మే నుంచి రెండింటిలోనూ ఉంది. నిజంగా బంధించేది వాచ్. యాపిల్ వాచ్ మొదలుపెట్టాలంటే ఐఫోన్ ఉండాలి. శాంసంగ్ గెలాక్సీ వాచ్ 4 నుంచి వచ్చినవి ఐఫోన్‌తో కలవవు. ఫోన్ మారిస్తే వాచ్ కూడా మార్చాల్సి వస్తుందన్న భయంతోనే చాలామంది ఫోన్ మార్చరు. కంపెనీలకీ ఆ సంగతి తెలుసు.

ఇప్పటిదాకా చెప్పింది వస్తువుల గురించి. సపోర్ట్‌లో నేను చూసిన ఏడుపుల్లో ఎక్కువ భాగం మాత్రం వస్తువులు పాడైనందుకు కాదు, అకౌంట్ పోయినందుకు. పాడైన ఫోన్ స్థానంలో ఇంకోటి కొనుక్కోవచ్చు. అకౌంట్ పోతే ఫోటోలు, కొన్న సినిమాలు, తాళం మీద అధికారం, కెమెరా రికార్డింగులు అన్నీ ఒక్కసారే పోతాయి. ఒకే కంపెనీవి కొనడంలో అసలు ప్రమాదం ఇదే. అన్నిటికీ ఒకే అకౌంట్, దానికి ఒకే పాస్‌వర్డ్, దాని వెనుక ఒకే ఫోన్ నంబర్.

మీరు రాసిన దాంట్లో నన్ను కంగారు పెట్టిన వాక్యం, "అన్నీ నా అకౌంట్‌తోనే అందరి ఫోన్లలో లాగిన్ చేసి ఉన్నాయి" అన్నది. వెంటనే మార్చండి. ఒకే అకౌంట్ నలుగురి ఫోన్లలో ఉంటే ఒకరి ఫోటోలు ఇంకొకరి ఫోన్లో కనిపిస్తాయి, ఒకరు చెరిపేస్తే అందరికీ పోతాయి. ఒక ఫోన్ దొంగ చేతిలో పడితే ఇల్లంతా బయటపడుతుంది. ప్రతి మనిషికీ సొంత అకౌంట్ పెట్టి, వాటిని ఫ్యామిలీ గ్రూప్‌లో చేర్చండి. గూగుల్‌లోనూ యాపిల్‌లోనూ మీతో కలిపి ఆరుగురిదాకా చేర్చుకోవచ్చు. స్టోరేజ్ ప్లాన్ ఒకటే కట్టి అందరూ పంచుకోవచ్చు, ఎవరి ఫోటోలు వాళ్లకే ఉంటాయి. స్మార్ట్ తాళాన్నీ కెమెరానీ కూడా ఇలాగే పంచుకోండి. యాప్‌లో "సభ్యుల్ని చేర్చు" అనే దారి ఉంటుంది. పాస్‌వర్డ్ చెప్పడం కంటే అదే మేలు, ఎందుకంటే రేపు ఎవరినైనా తీసేయాలన్నా ఒక్క బటన్‌తో అయిపోతుంది.

ఆఫీసు ఈమెయిల్‌తో ఇంటి పరికరాలు రిజిస్టర్ చేయకండి. ఉద్యోగం మారిన రోజు ఆ ఈమెయిల్ పోతుంది, దానితో పాటు తాళం కూడా. ఇలాంటి కేసుల్లో సపోర్ట్ వాళ్లు చేయగలిగింది చాలా తక్కువ. మీరే యజమాని అని రుజువు లేకుండా వాళ్లు అకౌంట్ తెరిస్తే, రేపు దొంగకీ అలాగే తెరుస్తారు. సోషల్ మీడియా బటన్‌తో లాగిన్ అవ్వడం కూడా ఇలాంటి బలహీనతే. 2021 అక్టోబరు 4న ఫేస్‌బుక్ సుమారు 6 గంటలు మూగబోయినప్పుడు, ఆ బటన్‌తో వేరే సేవల్లోకి వెళ్లేవాళ్లు గడప బయటే నిలబడిపోయారు.

ఫోన్ నంబర్ మీద మాత్రమే ఆధారపడిన రెండో దశ భద్రత పెట్టుకుని, నంబర్ మార్చాక పాతది తీసేయడం మర్చిపోయినవాళ్లు లెక్కలేనంతమంది. వదిలేసిన నంబర్ కొన్నాళ్లకి ఇంకొకరికి వెళ్తుంది, మీ ఓటీపీలు కూడా వాళ్లకే వెళ్తాయి. ఫోన్లోనే కోడ్‌లు తయారుచేసే అథెంటికేటర్ యాప్ గానీ, పాస్‌వర్డ్ బదులు ఫోన్ లాక్‌తోనే లాగిన్ చేసే పాస్‌కీ గానీ పెట్టుకోండి. ముఖ్యంగా అకౌంట్ తెరుచుకోనప్పుడు వాడే రికవరీ కోడ్‌లు కాగితం మీద రాసి ఇంట్లో పత్రాలతో పాటు ఉంచండి. వాటిని అదే ఫోన్ గ్యాలరీలో స్క్రీన్‌షాట్‌గా దాచుకునేవాళ్లున్నారు, ఫోన్ పోతే అదీ పోతుంది.

స్టోరేజ్ నిండిపోతే జరిగేది కూడా ముందే తెలిసి ఉండాలి. గూగుల్ ఉచితంగా ఇచ్చే 15 జీబీ జీమెయిల్‌కీ, డ్రైవ్‌కీ, ఫోటోలకీ కలిపి. ఫోటోలకి హద్దులేని ఉచిత స్థలం 2021 జూన్ 1తో ఆగిపోయింది. నిండిందంటే కొత్త ఈమెయిల్స్ రావడం ఆగిపోతుంది. ఉద్యోగానికి దరఖాస్తు పెట్టి, జవాబు రాలేదేంటని ఎదురుచూస్తూ కూర్చున్నవాళ్లని చూశాను. యాపిల్ ఇచ్చేది 5 జీబీ, నిండితే ఫోన్ బ్యాకప్ ఆగిపోతుంది. ఆగిపోయిందన్న నోటిఫికేషన్‌ని అందరూ పక్కకి తోసేస్తారు.

అసలు సింక్ వేరు, బ్యాకప్ వేరు. సింక్ అద్దం లాంటిది, ఇటు చెరిపితే అటూ చెరిగిపోతుంది. ఫోన్లో చోటు లేదని ఫోటోలు చెరిపేసి, క్లౌడ్‌లో ఉన్నాయిగా అని ధీమాగా ఉండి, ట్రాష్ గడువు దాటాక ఫోన్ చేసేవాళ్లకి నా దగ్గర జవాబు ఉండేది కాదు. ఏడాదికి ఒకట్రెండుసార్లు గూగుల్ టేకౌట్ లాంటి సదుపాయంతో మొత్తం దించుకుని విడి హార్డ్ డిస్క్‌లో పెట్టుకోండి. రెండేళ్లు వాడకుండా వదిలేసిన అకౌంట్‌ని గూగుల్ చెరిపేయొచ్చు. ఆ విధానం 2023 డిసెంబరు నుంచి అమల్లో ఉంది. ఇంట్లో పెద్దవాళ్ల పేరు మీద తెరిచి మర్చిపోయిన అకౌంట్లలో పాత ఫోటోలుంటే ఒకసారి లాగిన్ అయి చూడండి. మన తర్వాత ఎవరికి చెందాలో చెప్పే ఏర్పాటు కూడా రెండు చోట్లా ఉంది. గూగుల్‌లో ఇన్‌యాక్టివ్ అకౌంట్ మేనేజర్, యాపిల్‌లో లెగసీ కాంటాక్ట్. మాట్లాడుకోవడానికి ఇష్టం లేని విషయమే, పెట్టడానికి మాత్రం అయిదు నిమిషాలు పట్టదు.

ఇక పనిచేయకపోతే ఎవరిని పట్టుకోవాలన్న ప్రశ్న. బల్బు కంపెనీ రౌటర్ మీద నెపం వేస్తుంది, రౌటర్ కంపెనీ ఇంటర్నెట్ ఇచ్చేవాళ్ల మీద, వాళ్లు మళ్లీ బల్బు మీద. ఈ చక్రంలోంచి బయటపడాలంటే తప్పు ఎక్కడుందో సగం మీరే తేల్చుకుని ఫోన్ చేయాలి. వస్తువు మీద బటన్ నొక్కితే పనిచేస్తోందా? చేస్తుంటే వస్తువు బాగానే ఉన్నట్టు. ఇంటి వై-ఫైలో ఉన్నప్పుడు యాప్‌తో పనిచేసి, బయటికెళ్తే పనిచేయట్లేదా? అప్పుడు ఇంటర్నెట్ దారినో సర్వర్‌నో అనుమానించాలి. ఫోన్ హాట్‌స్పాట్‌కి కలిపితే పనిచేసి ఇంటి రౌటర్‌తో చేయట్లేదా? రౌటర్. చాలా స్మార్ట్ వస్తువులు 2.4 గిగాహెర్ట్జ్ వై-ఫై మీదే పనిచేస్తాయి. కొత్త రౌటర్లు దాన్నీ 5 గిగాహెర్ట్జ్‌నీ ఒకే పేరుతో చూపిస్తాయి. సెటప్ సగంలో ఆగిపోతే ముందు ఆ రెండింటికీ వేరే పేర్లు పెట్టి చూడండి.

ఈ మూడు పరీక్షల ఫలితం, సీరియల్ నంబర్, యాప్ వెర్షన్, ఫర్మ్‌వేర్ (వస్తువు లోపలి సాఫ్ట్‌వేర్) వెర్షన్, సమస్య వచ్చిన సమయం రాసిపెట్టుకుని ఫోన్ చేస్తే మొదటి దశ మనిషి తన ముందున్న ప్రశ్నల పట్టీ సగం దాటేస్తాడు. లోపలి మాట ఒకటి చెప్తాను. కాల్ సెంటర్లలో సాధారణంగా ఒక్కో కాల్‌కి ఎంతసేపు పట్టిందని లెక్క చూస్తారు. "ఫ్యాక్టరీ రీసెట్ చేయండి, అయ్యాక మళ్లీ ఫోన్ చేయండి" అంటే ఆ కాల్ అక్కడితో ముగుస్తుంది. రీసెట్ నిజంగా మందు అయ్యే సందర్భాలున్నాయి గానీ అది మొదటి మందు కాకూడదు.

2025 మార్చిలో టీవీకి తగిలించే గూగుల్ రెండో తరం క్రోమ్‌కాస్ట్‌లు ప్రపంచమంతా ఒక్కసారే పనిచేయడం మానేశాయి. పరికరం అసలైనదేనని రుజువు చేసే, పదేళ్ల గడువున్న ఒక డిజిటల్ సర్టిఫికెట్ ఆ రోజుతో ముగిసిపోయింది. తప్పు ఎవరి ఇంట్లోనూ లేదు. రీసెట్ చేయొద్దని గూగుల్ చెప్పింది, కొద్దిరోజుల్లో అప్‌డేట్ పంపి సరిచేసింది. తొందరపడి రీసెట్ చేసినవాళ్లే మళ్లీ సెటప్ చేసుకోలేక ఇంకొన్నాళ్లు తిప్పలు పడ్డారు. నిన్నటిదాకా బాగా నడిచిన వస్తువు ఏ మార్పూ చేయకుండా ఉన్నట్టుండి ఆగిపోతే, ముందు ఇతరులకీ అలాగే అయిందేమో చూడండి. కంపెనీ స్టేటస్ పేజీ తెరవండి. ఒకపూట ఆగండి. ఫోన్ చేసినప్పుడు కేసు నంబర్ తీసుకోకుండా పెట్టేయకండి. రెండోసారి మాట్లాడేటప్పుడు అది లేకపోతే కథ మొదటికొస్తుంది.

సపోర్ట్ నంబర్ కోసం సెర్చ్ చేయకండి, ఇది గట్టిగా చెప్తున్నాను. సెర్చ్ ఫలితాల్లో పైన కనిపించే నంబర్లలో మోసగాళ్లవీ ఉంటాయి. వాళ్లు మర్యాదగా మాట్లాడతారు, స్క్రీన్ చూపించే యాప్ ఒకటి వేసుకోమంటారు, ఆపైన బ్యాంక్ యాప్ తెరవమంటారు. నంబర్ ఎప్పుడూ వస్తువు యాప్‌లోంచో, పెట్టెలోని కాగితం మీంచో తీసుకోండి. ఓటీపీ అడిగినవాడు ఎవరైనా సపోర్ట్ మనిషి కాడు. వాళ్లంతట వాళ్లే ఫోన్ చేసి "మీ పరికరంలో వైరస్ ఉంది" అన్నా అంతే.

కొనేటప్పుడు అప్‌డేట్‌లు ఎన్నాళ్లు ఇస్తారో అడగండి. పిక్సెల్ 8, గెలాక్సీ ఎస్24 నుంచి పైస్థాయి ఫోన్లకి 7 ఏళ్లు ఇస్తామంటున్నారు. కానీ ఆ లెక్క ఆ మోడల్ మార్కెట్లోకి వచ్చినప్పటి నుంచి, మీరు కొన్న రోజు నుంచి కాదు. తగ్గింపు ధరకి వచ్చిందని రెండేళ్ల పాత మోడల్ కొంటే రెండేళ్లు ముందే ఖర్చయిపోయినట్టు. బ్రిటన్‌లో 2024 ఏప్రిల్ 29 నుంచి అమల్లో ఉన్న చట్టం ప్రకారం, ఇంటర్నెట్‌కి కలిసే వస్తువు అమ్మేవాళ్లు భద్రతా అప్‌డేట్‌లు కనీసం ఎప్పటిదాకా ఇస్తారో చెప్పి తీరాలి, అన్నిటికీ ఒకే పాస్‌వర్డ్ పెట్టి అమ్మకూడదు. మీరు ఎక్కడున్నా ఆ కంపెనీ బ్రిటన్ సైట్‌లో మోడల్ పేరు వెతికితే గడువు తేదీ దొరకొచ్చు. ఆ పాస్‌వర్డ్ నిబంధనకి ఊరికే రాలేదు ఇంత ప్రాముఖ్యం. ఫ్యాక్టరీ పాస్‌వర్డ్‌లు మార్చని కెమెరాలు, రికార్డర్ల గుంపుని మిరాయ్ అనే మాల్‌వేర్ వశం చేసుకుంది. 2016 అక్టోబరు 21న వాటితోనే, వెబ్‌సైట్ పేరు కొడితే దాని చిరునామా వెతికిపెట్టే డైన్ అనే కంపెనీ సర్వర్ల మీద దాడి జరిగి ట్విటర్, నెట్‌ఫ్లిక్స్ వంటివి చాలామందికి తెరుచుకోలేదు.

కెమెరాలని గెస్ట్ వై-ఫైలో, అంటే అదే రౌటర్ అతిథుల కోసం ఇచ్చే వేరే నెట్‌వర్క్‌లో, విడిగా పెట్టమని చాలామంది సలహా ఇస్తారు. మంచి సలహానే, ఒక మెలిక ఉంది. గెస్ట్ నెట్‌వర్క్‌లో ఉన్న వస్తువుని ఇంటి నెట్‌వర్క్‌లో ఉన్న ఫోన్ నేరుగా చూడలేదు. సర్వర్ ద్వారా నడిచే కెమెరాకి పర్లేదు గానీ మ్యాటర్ వస్తువులు అక్కడ పెడితే యాప్‌కి దొరకవు. కాబట్టి కెమెరాని అటు, మ్యాటర్‌వి ఇటు.

పాత పరికరాలు ఎవరికైనా ఇచ్చేటప్పుడు ముందు మీ అకౌంట్ నుంచి తీసేసి, ఆ తర్వాతే రీసెట్ చేయండి. క్రమం తప్పితే ఫోన్లు పాత యజమాని పాస్‌వర్డ్ లేనిదే తెరుచుకోని యాక్టివేషన్ లాక్‌లో పడతాయి, తీసుకున్నవాళ్లు మీ చుట్టూ తిరుగుతారు. వాడినవి కొంటుంటే, డబ్బిచ్చే ముందు మీ అకౌంట్‌తో మీ కళ్ల ముందే సెటప్ పూర్తవ్వాలి.

మీ వరకు నేను సూచించే వరుస ఇది. ఈ వారంలో అకౌంట్లు విడదీయండి, దానికి ఖర్చేం లేదు. తర్వాత స్పీకర్, థ్రెడ్ ఉన్నది. దాంతో పాటు మ్యాటర్ స్విచ్ ఒక్కటి కొని ఒక గదిలో పెట్టి, రౌటర్‌కి వచ్చే ఇంటర్నెట్ తీగ పీకేసి రెండు రకాల ఫోన్లతోనూ నడిపి చూడండి. నడిస్తే మిగతా గదులకి తీసుకోండి. కెమెరా ఆ తర్వాత. తాళం అన్నిటికంటే చివర, అప్పటికి ఏ యాప్‌తో మీకు పడుతుందో తెలిసిపోతుంది. మీ రౌటర్ మోడల్ ఏంటో, దానికి చివరి అప్‌డేట్ ఎప్పుడొచ్చిందో చూసి ఇక్కడే రాస్తే, దాన్ని ఉంచాలో మార్చాలో చెప్తాను. రౌటర్ సరిగా లేకపోతే పైవన్నీ కొన్నా ప్రయోజనం ఉండదు.